ఎగరకముందే చేసిన నిర్ణయం

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో, పొద్దు వాలే వేళ తల పైకెత్తి చూచే అలవాటున్నవారికి, ఆకాశంలో తెల్లని చార గీస్తూ పోయే విమానం కొత్త వింత కాదు. దేవనహళ్లి దగ్గరి బెంగుళూరు విమానాశ్రయం మనకు నూరు, నూటపాతిక కిలోమీటర్ల లోపలనే ఉన్నది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసులకు విమాన ప్రయాణమంటే సాధారణంగా అక్కడ ఎక్కుటే. గల్ఫు దేశాలకు పనికి పోయే యువకుడు, సముద్రాల ఆవల కొడుకు సంసారాన్ని చూడబోయే తల్లి, పై చదువులకు పోయే విద్యార్థిని - వీరందరు అర్ధరాత్రివేళ కారు మాట్లాడుకొని చింతామణి మీదుగానో, కోలారు మీదుగానో ఆ దారి పడతారు. సాగనంపిన ఇంటివారు తెల్లవారేదాకా నిద్రపోరు.

2025 జూన్ 12న అహమ్మదాబాదులో జరిగిన ఘోరం తరువాత ఈ నిద్రలేమి మరింత పెరిగింది. ఆనాడు మధ్యాహ్నం లండనుకు బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానం నేల విడిచిన అర నిమిషంలో వైద్య కళాశాల వసతిగృహాలపై పడింది. విమానంలోని 242 మందిలో 241 మంది, నేలమీద 19 మంది మరణించారు. నాటినుంచి తరగతి గదులలో పిల్లలు ఉపాధ్యాయులను ఒక ప్రశ్న అడుగుతున్నారు: లేచిన వెంటనే ఇంజను ఆగిపోతే పైలటు ఏమి చేస్తాడు? ఈ ప్రశ్నకు మన పత్రికలలోను, టెలివిజన్ చర్చలలోను వచ్చిన జవాబులలో ఆవేశం పాలు ఎక్కువ, విషయం పాలు తక్కువ. సరియైన జవాబు మాత్రం ఉన్నది. అది భయపెట్టేది కాదు; తెలిసికొన్నకొద్దీ ఆసక్తి పుట్టించేది.

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. రెండు ఇంజన్లున్న విమానానికి ఒకటి ఆగితే సగం ప్రాణం పోయినట్లేనని, అది రాయివలె నేల రాలుతుందని చాలమంది అనుకొంటారు. ప్రయాణికులను మోసే పెద్ద విమానానికి లైసెన్సు ఇచ్చేటప్పుడే, పరుగు తీస్తూ ఉండగా అతి క్లిష్టమైన క్షణంలో ఒక ఇంజను చచ్చిపోయినా, మిగిలిన ఒక్క దానితో అది లేచి, ఎత్తుకు చేరి, తిరిగి వచ్చి దిగగలదని రుజువు చేయించుకొంటారు. ఇది నిర్మాత దయాదాక్షిణ్యాలపై ఆధారపడిన విషయం కాదు, చట్టం. అందుకే ఇటువంటి సంఘటనలు పెక్కు వార్తాపత్రిక మూలలో నాలుగు పంక్తులతో ముగుస్తవి. 2022 జూన్ 19న పాట్నాలో లేస్తున్న స్పైస్‌జెట్ విమానం ఇంజనులో పక్షి పడి మంటలు లేచినవి. 185 మంది ప్రయాణికులతో అది వెనుకకు వచ్చి క్షేమంగా దిగింది. మన పొరుగుననే, 2024 మే 18 రాత్రి, బెంగుళూరు నుంచి కొచ్చికి లేచిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం కుడి ఇంజనులో మంట కనిపించింది. 179 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది. విమానం తిరిగి వచ్చి అదే విమానాశ్రయంలో దిగింది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఈ సంఘటనను మనలో ఎంతమంది జ్ఞాపకం పెట్టుకొన్నారు? క్షేమవార్తకు ఆయుర్దాయం తక్కువ.

ఆ రాత్రి ఆ ఇద్దరు పైలట్లు మంట గంట మోగిన తరువాత కూర్చొని ఆలోచించి మార్గం కనిపెట్టలేదు. ఆలోచన అంతా అంతకు ముందే, విమానం నేలమీద నిలిచి ఉండగానే జరిగిపోయింది. ఈ వ్యవహారానికంతటికి కీలకం ఇదే. మొగిలి ఘాటు దిగే లారీ డ్రైవరు ఎరుగుదురు గదా: గేరు మార్చవలసింది వాలు మొదలు కాకముందు, బండి వేగమందుకొన్నాక మార్చబోతే గేరు పడదు, బ్రేకు పట్టదు. పైలటు వృత్తిలో ఈ నీతిని శాస్త్రంగా మార్చి, అంకెలలో బిగించి, ప్రతి ప్రయాణానికి ముందు నోటితో పలికిస్తారు.

ఆ అంకెలలో మొదటిది వీ-ఒన్ అనే వేగం. దానిని నిర్ణయ వేగమని పిలుస్తున్నారు గాని, నా దృష్టిలో ఆ పేరు కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఆ వేగం చేరాక నిర్ణయించుకోవచ్చునని దాని అర్థం కాదు. ఆగదలచినవాడు ఆ వేగానికి లోపలనే ఆగే పని మొదలుపెట్టి తీరాలని అర్థం. అది దాటిన తరువాత ఇంజను ఆగినా, మంట లేచినా విమానం ఎగరవలసిందే. అహమ్మదాబాదు విమానానికి ఆ రోజున లెక్క కట్టిన వీ-ఒన్ 153 నాట్లు, అనగా గంటకు సుమారు 283 కిలోమీటర్లు. విమానం బరువు 213 టన్నులు. చలనశక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని పదవ తరగతి విద్యార్థికి తెలుసు. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగవలసిన శక్తి నాలుగింతలు. అంత శక్తిని, మిగిలిన కాస్త రన్‌వేలో, చక్రాలు పేలకుండా అణచగల చివరి హద్దు వీ-ఒన్. బరువు మారితే, గాలి మారితే, వాన పడి నేల తడిసితే ఆ హద్దు మారుతుంది. కనుక ప్రతి ప్రయాణానికి దానిని కొత్తగా లెక్క కట్టాలి.

పరుగు మొదలైనప్పుడు కెప్టెన్ చేయి ఇంజన్ల శక్తిని నడిపే మీటల మీద ఉంటుంది. రెండవ పైలటు వేగాన్ని చదువుతూ ఉంటాడు. సంస్థను బట్టి ఎనభై నాట్లో నూరు నాట్లో ఒక తొలి హద్దు. అంతకు లోపల చిన్న లోపం కనిపించినా ఆపివేయవచ్చు. అది దాటాక చిన్నవాటిని పట్టించుకోరు. ఇంజను ఆగుట, మంట, విమానం అదుపు తప్పుట, ఎగరలేదని తోచుట - ఇటువంటి పెద్ద కారణాలకే ఆపుతారు. తరువాత వీ-ఒన్ అనే కేక. అది వినపడగానే కెప్టెన్ మీటలపైనుంచి చేయి తీసివేస్తాడు. ఈ చిన్న ఆచారంలో ఎంత మనస్తత్వ శాస్త్రం ఉన్నదో చూడండి. భయపడిన మనిషి చేయి దేనిమీద ఉంటే దానిని లాగుతుంది. కాబట్టి చేయే అక్కడ ఉండకూడదు. వీ-ఒన్ దాటిన పిమ్మట ఆపబోయి రన్‌వే చివర దాటిపోయి నాశనమైన విమానాలు లోకంలో పెక్కు ఉన్నవి. అట్లా ఆగకుండా లేచి ఉంటే వాటిలో చాలవాటికి ఏమీ అయ్యేది కాదు.

ఇక లేచినాక సంగతి. కాడికి కట్టిన రెండెద్దులలో ఒకటి చతికిలబడితే రెండవది లాగిన కొద్దీ బండి చతికిలబడిన ఎద్దు వైపుకే తిరుగుతుంది. (మన పుంగనూరు పొట్టి జాతి ఎద్దులైనా ఇందుకు మినహాయింపు కాదు.) విమానమూ అంతే, ఆగిన ఇంజను వైపు ముక్కు తిప్పుతుంది. పైలటు ఎదుటి కాలితో రడ్డరును తొక్కి దానిని నిలబెట్టాలి. వీ-టూ అనే వేగాన్ని పట్టుకోవాలి. అంతకన్న తగ్గితే రెక్కలు పట్టు వదలవచ్చు. చక్రాలు పైకి ముడవాలి. అంతే. నాలుగు వందల అడుగుల ఎత్తు చేరేవరకు మరే పనీ పెట్టుకోవద్దని చాల సంస్థల శాసనం. గంటలు మోగుతుంటవి, ఎర్ర దీపాలు వెలుగుతుంటవి, వెనుక ప్రయాణికులు అరుస్తుంటారు. ముందు కూర్చున్న ఇద్దరూ చేయవలసిన పని మాత్రం తిన్నగా ఎగురుట. బయటివానికి ఇది నిర్లక్ష్యంగా తోస్తుంది. కాని తొందరపాటు ఖరీదు ఎంతో తెలిసినవారు పెట్టిన నియమమిది.

ఆ ఖరీదు 2015 ఫిబ్రవరి 4న తైపే నగరంలో తేలింది. ట్రాన్స్ఏషియా సంస్థ వారి ఏటీఆర్ విమానం - మన ప్రాంతపు చిన్న విమానాశ్రయాలకు తిరిగే తరగతికి చెందినదే - లేచిన కొద్ది సేపటికి కుడి ఇంజను శక్తి కోల్పోయింది. ఎడమది చక్కగా పనిచేస్తున్నది. ఆ ఒక్క దానితో విమానం హాయిగా తిరిగి రాగలదు. కాని కంగారులో కెప్టెన్ చేయి బాగున్న ఇంజను మీటను వెనుకకు లాగి దానినే ఆపివేసింది. తప్పు తెలిసేసరికి ఎత్తు మిగలలేదు. విమానం వంతెనకు తగిలి నదిలో పడింది. 58 మందిలో 43 మంది పోయారు. ఇటువంటి అనుభవాల ఫలితంగానే, ఏ ఇంజను ఆగిందో ఒకరు చెప్పి, రెండవవారు చూచి ఔననిన తరువాతనే దాని మీట కదల్చాలన్న నియమాన్ని నేడు అంత గట్టిగా పాటింపజేస్తున్నారు.

ఒక్క ఇంజనుతో విమానం లేస్తుంది సరే, ఎంత నిటారుగా లేస్తుంది? ఉపాధ్యాయులు పిల్లలచేత లెక్క కట్టించదగిన విషయమిది. చక్రాలు ముడిచిన పిమ్మట రెండింజన్ల విమానం ఒక్క దానితో కనీసం నూటికి 2.4 చొప్పున ఎక్కగలగాలి. అనగా నూరు మీటర్లు ముందుకు పోతే 2.4 మీటర్లు పైకి. దారిలోని అడ్డంకుల లెక్క వేసేటప్పుడు దీనినీ నమ్మరు. ఇంజను పాతబడి ఉండవచ్చు, పైలటు చేయి కాస్త తడబడవచ్చు అని అందులోంచి 0.8 తీసివేసి, 1.6 చొప్పుననే ఎక్కుతుందనుకొని, అట్లా ఎక్కినా ప్రతి కొండను, చెట్టును, గోపురాన్ని కనీసం 35 అడుగుల ఎడంతో దాటాలంటారు. మెట్టదారి ఎక్కే ఎద్దుబండి వాలు కంటె ఇది తక్కువ.

బెంగుళూరు సంగతి తీసికొందాం. ఆ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 915 మీటర్ల ఎత్తున ఉన్నది. గాలి ఎత్తుకు పోయినకొద్దీ పలుచన. వేడెక్కినకొద్దీ మరింత పలుచన. ఎండ 35 డిగ్రీలు చేరిన నాటి మధ్యాహ్నం అక్కడి గాలి సాంద్రత, సముద్రమట్టం దగ్గర శాస్త్రజ్ఞులు ప్రమాణంగా తీసికొనే సాంద్రతలో రమారమి ఆరవ వంతు తక్కువ. రెక్కకూ గాలి చాలదు, ఇంజనుకూ చాలదు. అందుకే ఒక్కొక్క రోజున బరువు తగ్గించవలసి వస్తుంది. ప్రయాణికుడు తన పెట్టె తరువాతి విమానంలో వస్తుందని విని కోపగించుకొంటాడు. ఆ పెట్టెను దింపినది ఎన్నడూ ఆగకపోవచ్చిన ఒక ఇంజను అని అతనికెవరు చెబుతారు?

ఆ విమానాశ్రయానికి ఉత్తరంగా సుమారు ఇరవై కిలోమీటర్లలో నంది కొండలున్నవి; శిఖరం ఎత్తు 1,478 మీటర్లు. రన్‌వే కంటె 560 మీటర్లు పైకి. నూటికి 1.6 చొప్పున ఇరవై కిలోమీటర్లు ఎక్కిన విమానం ఎంత ఎత్తుకు చేరుతుంది? 320 మీటర్లు. పూర్తి 2.4 చొప్పున ఎక్కినా 480 మీటర్లే. నిజానికి విమానాలు సాధారణంగా ఈ కనీసాలకంటె బాగానే ఎక్కుతవి. కాని లెక్క కనీసానికే కట్టాలి. అదృష్టవశాత్తు అక్కడి రెండు రన్‌వేలు తూర్పు పడమరలుగా పరచి ఉన్నవి. తిన్నగా పోతే కొండ తగలదు. రేణిగుంటలో పరిస్థితి వేరు. అక్కడినుంచి పడమటగా లేచిన విమానానికి కుడిచేతివైపు శేషాచలం గోడవలె నిలుస్తుంది. అన్ని ఇంజన్లతో పోయే రోజు దారి ఒకటి, ఒక్క ఇంజనుతో పోయే రోజు దారి మరొకటి కావచ్చు. ఈ రెండవ దారిని విమాన సంస్థల ఇంజనీర్లు ప్రతి రన్‌వేకు ముందుగానే గీసి పెడతారు. ఫలానా ఎత్తు దాకా తిన్నగా పో, ఫలానా చోట ఇటు తిరుగు, ఫలానా చోట చుట్లు కొడుతూ నిలు అని. ప్రయాణికుడు ఎన్నడూ చూడని ఆ పటం పైలటు ఎదుట ప్రతిసారి ఉంటుంది.

బయలుదేరిన చోట వాతావరణం చెడి, తిరిగి దిగుటకు వీలు కాని రోజైతే ఇంకొక జాగ్రత్త. ఒక్క ఇంజనుతో సుమారు గంట ప్రయాణంలో చేరగల మరొక విమానాశ్రయాన్ని బయలుదేరకముందే కాగితం మీద వ్రాసి పెట్టుకోవాలి. పొగమంచు పట్టిన డిసెంబరు ఉదయాన దేవనహళ్లి నుంచి లేచేవానికి అది చెన్నపట్టణం కావచ్చు.

ఇన్ని లెక్కలూ కాగితాలలోనే ఉంటే చాలదు. ఇద్దరి మనసులలోను ఒక్కటిగా ఉండాలి. అందుకే బ్రీఫింగు అనే పద్ధతి. విమానం ద్వారం దగ్గర నిలిచి ఉండగానే, విమానం నడపబోయే పైలటు ఆనాటి ప్రణాళికను నోటితో పలుకుతాడు, రెండవవారు వింటారు. మన ఇళ్లలో వ్రతానికి ముందు పురోహితుడు చెప్పించే సంకల్పం నాకు జ్ఞాపకం వస్తుంది. ఏ దేశంలో, ఏ నది ఒడ్డున, ఏ సంవత్సరంలో, ఏ తిథినాడు, ఏ కోరికతో - తెలిసిన విషయాలే అన్నీ, అయినా పలకాలి. పలికినపుడే చేయబోయే పనికి చోటు, కాలం ఏర్పడతవి. పైలటు సంకల్పాన్ని తెలుగులో చెప్పుకొంటే దాని సారం ఇట్లా ఉంటుంది: ఈనాడు మనం తూర్పు ముఖంగా లేస్తున్నాము. నేల తడిగా ఉన్నది. వీ-ఒన్ ఇంత. నూరు నాట్ల లోపల ఏ లోపం కనిపించినా చెప్పండి, ఆపుతాను. ఆ పైన పెద్ద కారణాలకే. ఆపుమన్న మాట నా నోట రాగానే మీరు ఈ పనులు చూడండి. వీ-ఒన్ దాటితే ఎగురుతాము. నాలుగు వందల అడుగుల దాకా ఏదీ ముట్టవద్దు. తరువాత ఇంజను ఏదో ఇద్దరం చూచి నిర్ధారిద్దాము. ఈ దారిన పోయి, ఈ ఎత్తున నిలిచి, ఈ రన్‌వేకు తిరిగి వద్దాము. బరువు ఎక్కువగా ఉంటుంది. దిగేటప్పుడు రన్‌వే పూర్తిగా కావాలి. సందేహమేమైనా ఉన్నదా?

చివరి ప్రశ్న అలంకారానికి కాదు. రెండవ పైలటు వయసులో చిన్నవాడు, అనుభవంలో చిన్నవాడు కావచ్చు. కాని లెక్క తప్పితే చెప్పవలసినవాడు అతడే. మన బడులలో ప్రశ్న అడిగిన పిల్లవానిని కూర్చోమనే ఉపాధ్యాయుడు ఆ గదికి పనికిరాడు. సంకల్పానికి పట్టే జబ్బే బ్రీఫింగుకూ పట్టుతుంది: వల్లె వేయుట. రోజుకు నాలుగు సార్లు పలికే మాటలు అర్థం పోయి రాగం మిగులుతవి. ఈ సంగతి గుర్తించి చాల సంస్థలు ఇటీవల పద్ధతి మార్చినవి. ఎప్పుడూ ఉండేవాటిని క్లుప్తం చేసి, ఈ రోజున ప్రత్యేకంగా ఏమున్నది, మనకు ముప్పు ఎటునుంచి రావచ్చు అన్న ప్రశ్నతో మొదలుపెట్టుమంటున్నారు. వాన, కొత్త సహచరుడు, రన్‌వే పక్కన మరమ్మతు, నిద్ర చాలని రాత్రి - వీటిని పేరు పెట్టి చెప్పుకోవాలి. ఇది వెనుకటి వల్లెవేత కంటె మేలని నా అభిప్రాయం.

వీ-ఒన్ దగ్గర ఇంజను ఆగుటను పైలట్లు ఆరునెలలకొకసారి సిమ్యులేటరు అనే కృత్రిమ కాక్‌పిట్‌లో ఎదుర్కొని పరీక్ష నెగ్గవలసి ఉంటుంది. విచిత్రమేమంటే, నేటి ఇంజన్లు ఎంత గట్టివంటే, పైలటు తన ఉద్యోగ జీవితమంతటా నిజమైన విమానంలో అది ఒక్కసారి కూడ చూడకుండానే విశ్రాంతి పొందవచ్చు.

ఇంతవరకు చెప్పినదంతా ఒక్క ఇంజను ఆగిన సంగతి. ఈ ప్రణాళికకు హద్దులున్నవి. వాటిని దాచుట పాఠకులకు ద్రోహం. 1976 అక్టోబరు 12న బొంబాయి నుంచి మదరాసుకు లేచిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ కారవెల్ విమానంలో ఒక ఇంజను చెడింది. పైలట్లు నియమం ప్రకారం వెనుకకు తిరిగారు. అయితే ఇంజను ఊరక ఆగలేదు. లోపలి చక్రం పగిలి, దాని ముక్కలు చమురు గొట్టాన్ని కోసి, మంట లేచింది. విమానాన్ని అదుపుచేసే యంత్రాంగం ఆ మంటలో దెబ్బతిన్నది. రన్‌వే కనుచూపు మేరలో ఉండగా విమానం కూలి, అందులోని 95 మందీ మరణించారు. అదీ 171వ నంబరు సర్వీసే, అహమ్మదాబాదుదీ 171వ నంబరే. సంఖ్యలలో విధిని వెదకేవారు వెదకుకొందురు గాక. మనం ఇంజను ముక్కలు కవచం దాటి రాకుండ చేసిన తరువాతి కాలపు నిర్మాణ మార్పులను చూడడం మేలు.

రెండింజన్లూ ఒక్కసారి పోతే? చట్టం కోరిన లెక్కలలో ఆ అధ్యాయం లేదు. 2009 జనవరి 15న న్యూయార్కులో బాతుల గుంపు తగిలి రెండూ పోయినప్పుడు విమానం సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉన్నది. ఆ ఎత్తే మూడున్నర నిమిషాల వ్యవధినిచ్చింది, హడ్సన్ నది దారినిచ్చింది, 155 మందీ బ్రతికారు. వెనుకకు తిరిగి ఉంటే రన్‌వే చేరేదేమోనని కొందరు ఆ పైలటును ప్రశ్నించారు. పరిశోధకులు సిమ్యులేటరులో చేయించి చూచారు. పక్షి తగిలిన మరుక్షణమే తిరిగితే చేరవచ్చునని తేలింది. జరిగినదేమిటో గ్రహించుటకు మనిషికి పట్టే 35 సెకన్లను కలిపి చూస్తే చేరలేదు. గదిలో కూర్చొని తీర్పు చెప్పేవారు మరచిపోయేది ఆ 35 సెకన్లనే.

అహమ్మదాబాదులో అంత ఎత్తు గాని, అంత వ్యవధి గాని లేవు. 2025 జూలై 12న వెలువడిన ప్రాథమిక నివేదిక ప్రకారం విమానం వీ-ఒన్ దాటింది, నేల విడిచింది, మూడు సెకన్లలో 180 నాట్ల వేగం అందుకొన్నది. ఆ వెంటనే ఇంజన్లకు చమురునిచ్చే రెండు స్విచ్చీలు ఒక సెకను తేడాతో ఆపివేసే స్థితికి మారినవి. ఎందుకు ఆపావని ఒక పైలటు అడిగినట్లు, తాను ఆపలేదని రెండవవారు అన్నట్లు కాక్‌పిట్ ధ్వనిముద్రణలో ఉన్నది. ఎవరు అడిగారో, ఎవరు బదులు చెప్పారో నివేదిక చెప్పలేదు. సుమారు పది సెకన్లకు మొదటి స్విచ్చీ, మరి నాలుగు సెకన్లకు రెండవది తిరిగి నడిచే స్థితికి వచ్చినవి. ఇంజన్లు మళ్లీ పూర్తి శక్తి అందుకొనుటకు వలసిన సమయం లేదు. నేల విడిచిన 32 సెకన్లకు అంతా అయిపోయింది.

ఈ నాలుగు వాక్యాల ఆధారంతో దేశంలో ఎందరో న్యాయమూర్తులైనారు. మరణించిన కెప్టెన్ పేరు పెట్టి నేరం మోపారు. ఆయన వృద్ధ తండ్రి సుప్రీంకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. ప్రాథమిక నివేదికలో పైలటుపై నింద లేదని 2025 నవంబరులో న్యాయస్థానం ఆ తండ్రికి చెప్పి ఓదార్చవలసి వచ్చింది. ఒక్క ఇంజను ఆగితే ఏమి చేయాలో ప్రతి ప్రయాణానికి ముందు పలుకుకొనే మనుషులను, పలుకుకొనుటకు మాటలే లేని ఆపదలో ఏమి చేసి ఉండవలసిందని అడుగుతున్నామో ఆ అడిగినవారు ఆలోచించలేదు. బడిలో ఈ సంగతి చర్చకు వచ్చినప్పుడు ఉపాధ్యాయులు ముందుగా స్విచ్చీ వరకు పోకుండా, నివేదిక ఏమి చెప్పింది, ఏమి చెప్పలేదు అన్న భేదాన్ని నల్లబల్లమీద రెండు వరుసలుగా వ్రాయించితే అది మంచి పాఠమవుతుంది.

ఇప్పుడు మన కుప్పం వైపుకు రావాలి. కుప్పం సమీపంలో విమానాశ్రయం నిర్మించాలన్న ప్రతిపాదన కొన్ని సంవత్సరాలుగా ఉన్నది. దానిని గురించి సాగే చర్చ అంతా రెండు మాటల చుట్టూనే తిరుగుతున్నది: భూములు పోతవనే రైతు దిగులు ఒకటి, వ్యాపారం వస్తుందనే పట్టణ ఆశ ఒకటి. రెండూ న్యాయమైన మాటలే. మూడవ మాట ఎవరూ ఎత్తడం లేదు. రెండువేల అడుగులకు పైబడిన ఎత్తున, వేసవిలో గాలి పలుచబడే చోట, చుట్టూ గుట్టలున్న ఆ నేలలో, ఒక్క ఇంజనుతో లేచిన విమానం ఏ దారిన పోవాలి? రన్‌వే పొడవును నిర్ణయించేది ఎంత పెద్ద విమానం దిగాలనే ఆశ ఒక్కటే కాదు, వీ-ఒన్ దగ్గర ఆగుటకు, ఆగకపోతే లేచుటకు రెంటికీ చాలిన నేల ఉన్నదా అనే లెక్క కూడ. రన్‌వే చివరనుంచి ఆ 1.6 వాలు గీతను గీస్తే అది ఏ గుట్ట మీదుగా, ఏ ఊరి మీదుగా పోతుంది?

ఈ గీత ఒకసారి గీచి ఊరుకొనేది కాదు. ఈనాడు ఖాళీగా ఉన్న నేలలో రేపు విమానాశ్రయం వచ్చిందన్న కారణం చేతనే ధర పెరిగి మేడలు లేస్తవి, సెల్‌ఫోను స్తంభాలు లేస్తవి, బడులు లేస్తవి. అహమ్మదాబాదులో వైద్య విద్యార్థులు భోజనానికి కూర్చున్న గది రన్‌వే చివరకు రెండు కిలోమీటర్ల లోపలనే ఉన్నది. ఆ ప్రమాదం జరిగిన వారంలోపలనే కేంద్ర ప్రభుత్వం విమానాశ్రయాల చుట్టూ అడ్డుగా ఉన్న కట్టడాలను తొలగించే నియమాల ముసాయిదాను ప్రకటించింది. కట్టిన తరువాత కూల్చుట కంటె కట్టకముందే చెప్పుట సులభం. ఏ చోట ఎంత ఎత్తు దాకా కట్టవచ్చునో రంగులతో చూపే పటాలను విమానాశ్రయాల సంస్థ పెద్ద విమానాశ్రయాలకు తయారుచేస్తున్నది. కుప్పానికి ప్రతిపాదన ఖాయమైన నాడు అటువంటి పటం భూసేకరణ నోటీసుతో పాటే గ్రామ పంచాయతీ గోడమీద అంటించబడుతుందా, లేక దానిని చూడగోరినవారు కార్యాలయాల చుట్టూ తిరగవలసి ఉంటుందా?